మా మిషను నమిలిన జమ్మి

ఇప్పుడు చెట్టు కూలితే ఫోను చేస్తారు, రంపం, మిషను, లారీ అన్నీ కాసేపట్లో వాకిట్లో ఉంటాయి. మేము ఆ పనిలోకి దిగిన రోజులు వేరు. సెల్ ఫోను ఊరికి ఒకటో రెండో ఉండేవి. అది ఉన్నవాడు చొక్కా జేబులోంచి పైకి కనిపించేట్టు పెట్టుకుని పెళ్ళికొడుకులా తిరిగేవాడు. చెట్టు కొట్టించుకుని ఎదురు డబ్బులివ్వాలంటే జనం మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూసేవారు. "కట్టె మీరే తీస్కపోయి, పైసలు గూడ మీకేనా?" అనేవారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. (నేనైతే కట్టె కూడా ఇచ్చేదాన్ని కాదు.)

మా ఆయన అప్పటిదాకా జామాయిల్ కర్ర తోలే లారీకి డ్రైవరు. లారీ పరాయిది, నడుము నొప్పి మాత్రం సొంతం. ఇంటికి వచ్చేది బట్టలు ఉతికించుకోవడానికి, మళ్ళీ పోయేది ఉతికిన బట్టలు మాపుకోవడానికి. పిల్లలు చిన్నప్పుడు ఆయన్ను చూసి "అమ్మా, ఎవరో వచ్చిన్రు" అని లోపలికి పరిగెత్తేవారు. అలాంటి మనిషి ఒకరోజు, ఎక్కడో మూతపడ్డ కర్రల అడితీ దగ్గర బేరమాడి, ఒక ముసలి లారీని, దాని తోకకు కట్టిన ఒక పాత చిప్పర్ మిషన్నూ తెచ్చి మా కల్లూరు ఇంటి ముందు నిలబెట్టాడు. నన్ను అడగలేదు. అడిగితే కొననివ్వనని ఆయనకు తెలుసు. చిప్పర్ అంటే ముందు తొట్టిలాంటి నోరు, లోపల గిర్రున తిరిగే కత్తులు, వెనక పైకి లేచిన గొట్టం. నోట్లో కొమ్మ పెడితే గొట్టంలోంచి ముక్కలు ముక్కలుగా ఎగిరి లారీలో పడతాయి. ఆ ముక్కలను ఇటుక బట్టీలకు తూకానికి పోస్తాం. మా వాడకట్టు ఆడవాళ్ళు దానికి "నమిలే మిషను" అని పేరు పెట్టారు. మా అత్త మాత్రం "కోడలు" అని పెట్టింది. (తిన్నదంతా ఎటు పోతుందో తెలియదు గానీ నోరు ఆగదు కదా అని వివరం కూడా చెప్పింది, నేను వింటుండగానే.)

అందులో పనివాళ్ళం ముగ్గురం. మా ఆయన చెట్టెక్కి కొమ్మలు కోసేవాడు, లారీ తోలేవాడు. మిషను దగ్గర వెల్డింగ్ భాయ్ ఉండేవాడు. ఆయనది ఖమ్మంలో తాతల కాలం నుంచి ఇనుప పని చేసే కుటుంబం. మిషనుకు ఎక్కడ నొప్పి పుట్టినా చెవి పెట్టి వినేవాడు, దవాఖానాలో డాక్టరు కూడా అంత శ్రద్ధగా వినడు. నా పని అజమాయిషీ. అంటే ఒక్క పుల్ల కింద పడకుండా చూడటం, పడితే చీపురుతో ఊడ్చి మళ్ళీ మిషను నోట్లో వెయ్యడం. నేను మూడో తరగతితో బడి మానేశాను గానీ, కింద పడ్డ ఆకుకు కూడా బరువుంటుందని చెప్పడానికి మూడో తరగతి చాలు.

ఆ ఏడు వానలు వెనకపట్టు పడుతూ పడుతూ పెద్ద గాలివాన కొట్టింది. గోదావరి దాటి చర్ల పోయే దారిలో, అడవిలోకి తిరిగే ఒక ఊళ్ళో, దసరా మైదానం మీద చెట్లు అడ్డదిడ్డంగా కూలాయి. పక్కన సర్కారు తుమ్మ కూడా బాగా పెరిగిపోయి ఉంది. ఆ ఊరి పెద్దాయన, నిమ్మకాయ నిలబెట్టదగిన మీసాలున్న మనిషి, మా దాకా కబురు పంపాడు. అంత పెద్ద పని మాకు అదే మొదటిది. "పండగ పొద్దటికి మైదానం అద్దం లెక్క ఉండాలె" అన్నాడు. మా వైపు దసరా సాయంత్రం ఊరంతా మైదానానికి పోయి జమ్మికి పూజ చేస్తుంది. తర్వాత ఆ ఆకు తెంచి ఒకరి చేతిలో ఒకరు పెట్టి "బంగారం" అంటారు. పెద్దలకు కాళ్ళు మొక్కుతారు, ఈడువాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకుని అలాయి బలాయి తీసుకుంటారు. ఆ ఆకు చేతిలో పడితేనే పండగ. జమ్మి చెట్టు లేని ఊళ్ళవాళ్ళు ఎక్కడి నుంచో ఒక పెద్ద కొమ్మ తెచ్చి, మైదానంలో నాటి, దానికే పూజ చేస్తారు. ఈ ఊళ్ళో జమ్మి లేదు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

ముందురోజు చీకటి పడేదాకా కోసినా కొంత మిగిలింది. పండగనాడు పొద్దున్నే మా ఆయన బీడీ వెలిగించి, "ఇయ్యాల పనిముట్లకు పూజ చెయ్యాలె గని పని చెయ్యొద్దే" అన్నాడు. "ఇంకో దినం ఇక్కడ పడి ఉంటే తిండి నీ అత్త పెడ్తదా? పూజ చేద్దాం, పనీ చేద్దాం" అన్నాను. చేశాను కూడా. పసుపు, కుంకుమ, బంతిపూలు, ఊదుబత్తి. టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు కావాలన్నారు. పైకి కనిపించే టైర్లు నాలుగు. నేను రెండు కాయలు తెచ్చి, చెరిసగం కోసి, నాలుగు చెక్కలు చేసి పెట్టాను. వెల్డింగ్ భాయ్ చూసి నవ్వు ఆపుకోలేక, "అక్కా, దేవుడు గూడ నీ తాన అప్పు అడగడు" అన్నాడు. మా ఆయన నవ్వలేదు. "సగం కాయకు సగం కాపుదలనే ఉంటది" అని గొణిగాడు.

పొద్దు కొంచెం పైకి వచ్చేసరికి మైదానం నిజంగా అద్దమే అయింది. ఆఖరి కుప్ప పక్కన, నీడలో, తడి గోనెసంచి చుట్టిన ఒక కొమ్మ ఉంది. భాయ్ దాన్ని పట్టుకుని "ఇస్స్" అని చెయ్యి విదిలించాడు. "అక్కా, ఇదేందో ముండ్ల కొమ్మ, సంచి గట్టిన్రు" అన్నాడు. సన్నని ఆకు, సన్నని ముల్లు, కాస్త వాడి ఉంది. చుట్టూ అంతా సర్కారు తుమ్మే కదా, ఇదీ అదే అనుకున్నాను. తుమ్మకొమ్మకు తడి సంచి ఎవడు చుడతాడని ఇప్పుడు మీరు అడుగుతారు. అప్పుడు నా కన్ను కొమ్మ మీద లేదు, సంచి మీద ఉంది. చిల్లు లేని కొత్త సంచి. "సంచి ఇటియ్యి, కొమ్మ అటెయ్యి. ముండ్లకు తూకం లేదా?" అన్నాను. సంచి పిండి, మడిచి, లారీ సీటు కింద పెట్టుకున్నాను. కొమ్మ మిషను నోట్లోకి పోయింది. అప్పుడే ఊరి వైపు నుంచి ఇద్దరు మొగపిల్లలు చేతులు ఊపుకుంటూ పరిగెత్తుకు రావడం కనిపించింది. ఏదో అరుస్తున్నారు గానీ ఆ మిషను మొత్తుకుంటుంటే పక్కనున్న మొగుడి మాటే వినిపించదు. (అందుకే నాకు ఆ మిషను మీద తర్వాత తర్వాత ప్రేమ కలిగింది.) మా ఆయన వాళ్ళు పండగ శుభాకాంక్షలు చెబుతున్నారనుకుని తానూ రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

మిషను ఆగేసరికి వాళ్ళు మా ముందు నిలబడి, ఖాళీ చోటు చూపించారు. "గాడ... గాడ వెట్టినం" అన్నాడొకడు. "ఏంది వెట్టింది?" అన్నాను. "జమ్మి! మధిర కాడి నల్లరేగట్ల నుంచి రైలెక్కి, బస్సెక్కి, నెత్తిన మోసుకొచ్చినం. వాడొద్దని తడి సంచి గట్టినం." "సంచి నా తాన భద్రంగ ఉంది" అన్నాను. ఆ క్షణంలో చెప్పకూడని మాట అదేనని నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. వాళ్ళ వస్తువు వాళ్ళకు ఉందని చెప్పడం తప్పెలా అవుతుంది?

ఊరు ఊరంతా మైదానానికి దిగింది. అద్దంలా ఉంది కాబట్టి నిలబడటానికి చోటు బాగా కుదిరింది. మీసాల పెద్దాయన కొత్త ధోవతిలో వచ్చి, మిషను చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "మింగిందా?" అన్నాడు. "నమిలింది పెదనాయినా" అన్నాడు మా ఆయన వినయంగా. "మా తాతల నుంచి జమ్మి లేని దసరా లేదు. మాకు జమ్మి లేని దసరా జేసిన్రు, మీకు మిషను లేని దసరా జేస్త. పొద్దు గూకేలోపల జమ్మి తెస్తె మిషను తీస్కపోండ్రి. లేకుంటే ఇది ఈడనే ఉంటది, మా బర్రెలు దీన్ల నీళ్ళు తాగుతయ్." గుంపులోంచి ఇంకెవరో అందుకున్నారు. "దసరనాడు పాలపిట్ట కనవడితే మంచిదని పొద్దటి నుంచి చూస్తున్నం. మీ మిషను సప్పుడుకు అది గూడ ఛత్తీస్‌గఢ్‌కు పాయె!"

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "పోతే పోనీ తియ్యవే. మల్ల పాత సేటు లారీ ఎక్కుత" అన్నాడు. ఆ మాట ఆయన అంత సులువుగా అనడం నాకు నచ్చలేదు. మిషను కొన్నప్పుడు మూడు రోజులు మాట్లాడని మనిషిని నేనే. కానీ ఆ మిషను వచ్చాక ఈయన రోజూ రాత్రి ఇంట్లో తింటున్నాడు. చిన్నది ఆయన బొజ్జ మీద పడుకోవడం నేర్చింది. మిషను పోతే ఈయన మళ్ళీ రోడ్డు మీద పడతాడు, మళ్ళీ "ఎవరో వచ్చిన్రు" అవుతాడు. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. "నోరు మూస్కొని బీడీ తాగు" అని మాత్రం అన్నాను.

తర్వాత పెద్దాయనతో బేరానికి దిగాను. లారీ లేకుండా జమ్మి ఎలా వెతకను? "లారీ ఇస్తే వాపసు వస్తరని ఏం నమ్మకం?" అన్నాడు. "మిషను ఈడనే ఉంటది." "మిషను పాతది. ఇంకేమన్న పెట్టు." నేను చుట్టూ చూశాను. పెట్టడానికి మా ఆయన ఉన్నాడు. "ఈయన్ను గూడ ఉంచుకోండ్రి" అన్నాను. పెద్దాయన ఆయన్ను కింది నుంచి పైకి చూసి, సరే అన్నాడు. కట్టుకున్న మొగుణ్ణి కుదువ పెట్టడం ఇంత సులభమని ముందే తెలిస్తే నా జీవితంలో చాలా పనులు జరిగేవి.

భాయ్ లారీ తోలుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను, వెనక ముక్కల లోడు మీద టార్పాలిన్ కప్పి ఉంది. మొదటి ఊళ్ళో జమ్మి కొమ్మ ఉంది గానీ దానికి కావలిగా ఒక ముసలాయన కర్ర పట్టుకుని కూర్చున్నాడు. "పూజ గాకముందు ఆకు ముట్టనియ్య. నా కొడుకు అడిగినా ఇయ్య" అన్నాడు. "పూజ అయినంక ఇయ్యి తాతా" అన్నాను. "అయినంక ఏం ఉంటది? పుల్ల గూడ మిగలది" అన్నాడు. భాయ్ లారీ దిగి, "తాతా, నేను సాయిబును, నాకు పూజతోని పని లేదు. నాకన్న రెండు రెమ్మలియ్యి" అని ఒక రాయి వేసి చూశాడు. ముసలాయన అతన్ని ప్రేమగా కూర్చోబెట్టి, సకినాలు పెట్టి, నీళ్ళు ఇచ్చి, ఆకు మాత్రం ఇవ్వలేదు. సకినాలు నాకు కూడా ఇవ్వలేదు. రెండో చోట ఒక రైతు పొలం గట్టున నిజంగానే జమ్మి చెట్టు ఉందన్నారు. పోయి చూస్తే అది ఈకలు పీకిన కోడిలా నిలబడి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా పొద్దున్నే వచ్చి చేతికి అందినంత పట్టుకుపోయారట. చిటారున నాలుగు రెమ్మలు మిగిలాయి. "ఎక్కుతవా భాయ్?" అన్నాను. "ఎక్కుత అక్కా. నన్ను దింపనీకె ఇంకో మిషను కావాలె" అన్నాడు. ఆయన పొట్ట చూసి నేనే వద్దన్నాను. ఆ రైతు మాత్రం మంచివాడు, "వచ్చే ఏడు ముందుగాల చెప్పుండ్రి" అన్నాడు.

వెనక్కి తిరిగేసరికి పొద్దు అడవి మీదకు వాలుతోంది. రోడ్డు గుంతలో లారీ ఎగిరి పడి, టార్పాలిన్ తాడు తెగింది. నా ముక్కలు గాలికి పోతుంటే నా ప్రాణం పోయింది. "ఆపు, ఆపు" అని అరిచాను. జమ్మి దొరకనందుకు కూడా నేను అంత గట్టిగా అరవలేదని భాయ్ చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. ఆయన లోడు మీదకు ఎక్కి, టార్పాలిన్ లాగబోయి, "ఇస్స్!" అన్నాడు. పొద్దున అన్నట్టే అన్నాడు. వేలు చీకుతూ కాళ్ళ కింది ముక్కల వైపు చూశాడు. తర్వాత వంగి, గుప్పెడు ముక్కలు తీసి, నా ముఖం ముందు పెట్టాడు. పచ్చి ముక్కలు, వాటి మధ్య చిదిగిన సన్నని ఆకు, ఒకటి రెండు ముళ్ళు. మిషను ఆఖరున నమిలింది ఆ కొమ్మనే కాబట్టి అది లోడు మీద అన్నింటికంటే పైన పడి ఉంది. మేము పొద్దటి నుంచి జమ్మి మోసుకుంటూ ఊరూరా జమ్మి అడుక్కున్నాం. "అరె అక్కా," అన్నాడు భాయ్, "ఇంత పరేషాన్ ఎందుకయినం మనం?" నాకు నవ్వు రాలేదు. దారిలో ఎంత ఎగిరిపోయిందోనని లెక్క వేసుకుంటున్నాను.

మైదానానికి చేరేసరికి డప్పులు మోగుతున్నాయి గానీ ఎవరి ముఖంలోనూ పండగ లేదు. కుదువ పెట్టిన మా ఆయన ముఖంలో మాత్రం ఉంది. నులక మంచం మీద కూర్చుని, అరిటాకులో యాటకూర, పక్కన తాటాకు దొప్పలో కల్లు. "అప్పుడే వచ్చినవా?" అన్నాడు నన్ను చూసి, నిజమైన బాధతో. పెద్దాయన లారీ దగ్గరికి వచ్చాడు. "ఏదీ జమ్మి?" నేను చాటలో పోసుకొచ్చిన పచ్చి ముక్కలు ఆయన ముందు పెట్టాను. ఆయన మీసాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. "ఇది జమ్మా? ఇది కుడితిల కలిపే దాణా!" "ముల్లు చూడు పెదనాయినా, ఆకు చూడు. నీ పిలగాండ్లు మధిర నుంచి తెచ్చిందే. కొమ్మ మాదిరి లేదు గని, పుల్ల తక్కువ గాలేదు." "కొమ్మ గానిదానికి పూజెట్ల జేస్తం?" అని ఒకరు, "ముక్కలు చేతిల వెట్టి బంగారం అంటే ఎవలన్న మొక్కుతరా?" అని ఇంకొకరు. పొద్దు సగం మునిగింది. నేను చాటను వాళ్ళ ముందుకు ఇంకొంచెం జరిపాను.

అప్పుడు పెద్దాయన తల్లి లేచింది. ఒంగిపోయిన ముసలమ్మ, ఊళ్ళో అందరికంటే పెద్దది, ప్రతి ఏడూ మొదటి బంగారం ఆమె చేతిలోనే పెట్టాలట. ఆమె చాటలో చెయ్యి పెట్టి ముక్క తీసి వాసన చూసింది. "జమ్మే" అంది. "నమిలిందే అవ్వా ఇది!" అని కొడుకు మొత్తుకున్నాడు. "నమిలితే ఏందిరా? నా నోట్ల పండ్లు లెవ్వు. నాకు ఎవలన్న నమిలి పెడ్తే నేను వద్దంటనా? ఏటేటా నన్ను నెట్టి మీరు కొమ్మ మీద పడ్తరు, నాకు ముల్లు గుచ్చుకోని ఆకు అందిందే లేదు. గిదన్న అందరికి అందుతది. పూజ కానియ్యి, నాకు మోకాళ్ళు గుంజుతున్నయ్."

అంతే. ఆమె మాటకు ఆ మీసాలు రెండూ కిందికి వచ్చాయి. ముక్కలను కుప్పగా పోసి, పసుపు కుంకుమ చల్లి, దీపం పెట్టి పూజ చేశారు. పూజ అయ్యాక ఏటా జరిగేది తోపులాటట. బలమున్నవాళ్ళు రెమ్మలు విరుచుకుంటారు, వెనకవాళ్ళకు ముళ్ళు మిగులుతాయి. ఆ సాయంత్రం తోపులాట లేదు. నేను చాట పట్టుకుని నిలబడితే ఊరు వరసలో వచ్చింది. ముసలమ్మకు మొదటి చిటికెడు. తర్వాత పెద్దాయనకు, పిల్లలకు, కూలికి పోయే కోయగూడెం ఆడవాళ్ళకు, మధిర నుంచి మోసుకొచ్చిన ఆ ఇద్దరికీ. ప్రతివాడూ చిటికెడు చాలక గుప్పెడు కావాలన్నాడు. నేను గుప్పెడు అడిగినవాడికి చిటికెడే ఇచ్చాను. "బంగారం కదా అక్కా, జరంత ఎక్కువెయ్యి" అంటే, "బంగారం కాబట్టే తక్కువేస్తున్న" అన్నాను. పెద్దాయన తన ముక్కలను మా ఆయన చేతిలో పెట్టి అలాయి బలాయి తీసుకున్నాడు. కుదువ విడిపోయినట్టే.

మిషను లారీ తోకకు కట్టుకుంటున్నప్పుడు మా ఆయన నా దగ్గరికి వచ్చాడు. కల్లు వాసన గుప్పుమంది. "చెయ్యి పట్టు" అన్నాడు. పట్టాను. అరచేతిలో ఒక్క చెక్క ముక్క పెట్టి, మూసి, "ఇగో, నీకు బంగారం. పెండ్లయిన కాడి నుంచి అడుగుతున్నవ్ గద" అన్నాడు. "గిదా?" అన్నాను. "తూకం చూసుకో, తులమున్నర ఉంటది" అన్నాడు. ఆయన నవ్వుతున్నాడు. ఆ ముఖంలో రోడ్డు మీదకు పోవాలన్న ఆలోచన ఎక్కడా లేదు. నేను ఆ ముక్కను చూశాను, ఆయన్ను చూశాను, "సాల్తియ్, ఎక్కు" అని, ముక్కను లారీలోకి విసిరి లోడులో కలిపేశాను.

మరుసటేడు ఆ ఊరివాళ్ళు పండగకు ముందే కబురు చేశారు. కూలిన చెట్లు లేవు, ఏమీ లేవు, జమ్మి తెచ్చిపెట్టుకున్నాం, మిషను తెచ్చి నమిలించి పోండి, ఆకుతో అయితే కొట్లాట అవుతోంది అన్నారు. ఆ తర్వాత మేము చాలా చెట్లు కోశాం, రెండు లారీలు మార్చాం, ఆ మిషను కూడా ఇనుప ముక్కల కింద పోయింది. ఆయన మాత్రం మళ్ళీ పరాయి లారీ ఎక్కలేదు. ఇప్పుడు మనవళ్ళు దసరాకు ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. ఆకు సరిగ్గా ఉందా, వాడిందా అని నేను చూసి తీసుకుంటాను. మొన్న ఒకసారి ఆయన్ను అడిగాను, ఆ రోజు నువ్వు నాకు బంగారమని ఒక ముక్క ఇచ్చావు గుర్తుందా అని. "నేను నీకు బంగారం ఇచ్చిన్నా? ఎప్పుడు?" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఎవరినీ ఏమీ అనడానికి లేదు. ఆ లోడు మర్నాడు ఇటుక బట్టీలో తూకానికి పోశాం, ఆ ముక్క కూడా అందులోనే కాలిపోయింది. చాట గట్టిగా పట్టుకుని, ఊరందరికీ చిటికెడు చిటికెడు లెక్కపెట్టి ఇచ్చిన ఆ పిసినారి పిల్ల ఇప్పుడు ఎదురుపడితే ఒక్క మాట అడుగుతాను: ఒక్క ముక్క కొంగున ముడేసుకుంటే నీ తూకం ఎంత తగ్గేదే, పిచ్చిదానా?